కాళ్ళు కదుపు తల్లీ

వెన్ను వంకర ఆపరేషన్ల చరిత్ర ఎవరు రాసినా రాడ్ల గురించీ స్క్రూల గురించీ రాస్తారు. నేను మత్తు డాక్టరుని. ముప్పై ఏళ్ళు ఆపరేషన్ బల్లకి తలవైపు కూర్చున్నదాన్ని. అక్కణ్ణించి చూసిన నాకు ఈ చరిత్రంతా ఒక్క భయం చుట్టూ తిరిగినట్టే ఉంటుంది. వంకర తీయబోయి వెన్నుపామును నలిపేస్తే పిల్ల కాళ్ళు పడిపోతాయి.

కత్తి పట్టని రోజుల్లో ఆ భయం తక్కువ. న్యూయార్కులో లూయిస్ సేర్ అనే డాక్టరు 1870లలో మూడుకాళ్ళ చట్రానికి పిల్లల్ని గడ్డం కింద, చంకల కింద పట్టీలు వేసి వేలాడదీసేవాడు. ఒళ్ళు సాగి ఉండగానే సిమెంటు కట్టు చుట్టేవాడు. 1877లో ఇంగ్లండు వెళ్ళి మరీ చేసి చూపించాడు. కట్టు విప్పాక చాలామందికి వంకర మళ్ళీ మొదటికే వచ్చేది.

1911లో న్యూయార్కులోనే రస్సెల్ హిబ్స్ అనే సర్జన్, క్షయ పట్టి వెన్నుపూసలు కూలిపోయిన పిల్లలకు పూసల వెనక ఎముకను చెక్కి, ఒకదాని మీదికొకటి వంచి అతుక్కునేలా చేశాడు. 1914లో అదే పని వంకర వెన్నుకీ చేశాడు. అతుకు పడేదాకా కట్టులో నెలల తరబడి మంచం మీదే పడి ఉండాలి. ఎదిగే పిల్లను అన్నాళ్ళు కదలకుండా పడుకోబెట్టిన తల్లుల గురించి ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను.

పాల్ హారింగ్టన్ అనే డాక్టరు 1940లలో హ్యూస్టన్ చేరాడు. ఊరినిండా పోలియో. కండరాలు చచ్చుబడి, వెన్ను ఒక పక్కకి ఒరిగి, ఊపిరే సరిగా ఆడని పిల్లలు. అలాంటి ఛాతీ మీద సిమెంటు కట్టు బిగిస్తే ఉన్న ఊపిరీ పోతుంది. అందుకే లోపలే ఊతం పెట్టాలనుకున్నాడు. స్టీలు రాడ్, దాని చివర్ల కొక్కేలు, ఒక కొసన గాట్లు. లారీ కింద జాకీ లేపినట్టు ఒక్కో గాటూ జరుపుతూ వంకర లోపలి వైపును సాగదీయాలి. మొదట్లో ఎముక అతికించకుండా రాడ్ ఒక్కటే వేశాడు. కొక్కేలు జారాయి, రాడ్లు విరిగాయి. ఇనుము కొన్నాళ్ళు పట్టి ఉంచుతుందే తప్ప జీవితాంతం మోయాల్సింది ఎముకేనని ఒప్పుకుని, హిబ్స్ అతుకును తన రాడ్‌కి జోడించాడు. 1962లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తన తప్పు తానే దిద్దుకున్నందుకు ఆయనంటే నాకు గౌరవం.

కాని గాటు జరిగినప్పుడల్లా లోపల వెన్నుపామూ సాగుతుంది. ఎక్కడ ఆపాలి? పిల్ల మత్తులో ఉంది. ఆపరేషన్ అయ్యాక గాని సంగతి తెలియదు, అప్పటికి ఆలస్యమైపోవచ్చు. 1973లో ఫ్రాన్సులోని లియోన్‌లో వోజెల్, స్టాన్యారా, మరో సహచరుడు దీనికి దారి చూపించారు. గాయం తెరిచి ఉండగానే మత్తు తేలిక చేసి, పిల్లను లేపి అడగడం!

నేను మొదటిసారి లేపింది పదమూడేళ్ళ పిల్లని. రవిక కొలతలు తీస్తూ ఒక భుజం దిగి ఉందని కనిపెట్టింది దర్జీ, ఇంట్లోవాళ్ళు కాదు. ముందురోజు సాయంత్రం మంచం పక్కన కూర్చుని చెప్పాను. "మధ్యలో పిలుస్తాను తల్లీ. ముందు నా చెయ్యి నొక్కు. తర్వాత కాళ్ళు కదుపు."

"నొప్పెడుతుందా డాక్టరమ్మా?"

"నొప్పి తెలియదమ్మా. లేవబోకు, అంతే."

థియేటర్లో రాడ్ బిగించగానే మత్తు తగ్గించాను. బోర్లా పడుకున్న పిల్ల ఉలిక్కిపడి లేవబోతే నోట్లో గొట్టం ఊడిపోతుంది, రాడ్ జారుతుంది. నర్సులు భుజాలు పట్టుకున్నారు. నేను బల్ల కిందికి వంగి పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. నా చేతిలో ఆ చల్లటి వేళ్ళు బిగిశాయి. అంటే మాట వినిపించింది. చేతులు నొక్కి కాళ్ళు కదపకపోతే రాడ్ వదులు చేయాల్సిందే. "కాళ్ళు కదుపు తల్లీ." గుడ్డ కింద కుడి బొటనవేలు కదిలింది. ఎడమది కదిలేదాకా గదిలో ఎవరూ మాట్లాడలేదు. అదీ కదిలింది.

మర్నాడు అడిగితే ఆ పిల్లకేమీ గుర్తులేదు.

1984లో ఫ్రాన్సు నుంచే కోత్రెల్, డ్యూబుసే రెండు రాడ్ల పద్ధతి తెచ్చారు. చాలామందికి ఆపరేషన్ తర్వాత కట్టు బాధ తప్పింది. ఆ తర్వాత పూసల్లోకి దిగే స్క్రూల వాడకం పెరిగింది. చిన్నపిల్లలకు ఎదుగుదల ఆగకుండా విడతలవారీగా సాగదీసే రాడ్లొచ్చాయి. బిగుసుకుపోయిన పెద్దవాళ్ళ వెన్నుకు ఎముక కోసి సరిచేయడమూ పెరిగింది. నరాల సంకేతాలను ఆపరేషన్ పొడుగునా తెర మీద చూస్తున్నారు.

అయినా ఇప్పటికీ ఆ తెర మీద గీతలు పడిపోయి, ఏం చేసినా తిరిగి రాకపోతే, సర్జన్ తలెత్తి మత్తు డాక్టరు వైపు చూస్తాడు. పిల్లను లేపమంటాడు.