అంచు మీద దెబ్బ

దీపావళికి రీలు తుపాకీ పేల్చినవాళ్ళకి రిమ్‌ఫైర్ సంగతి సగం తెలిసినట్టే. ఎర్ర కాగితం చుట్టలో ఆవగింజంత మందు చుక్క, దానిమీద సుత్తి పడితే ‘ఠప్’మంటుంది. 1845 ప్రాంతంలో పారిస్‌లో తుపాకుల పనివాడు ఫ్లోబేర్ చేసిందీ ఇంచుమించు ఇదే. దెబ్బకు పేలే మందున్న చిన్న లోహపు టోపీకి సీసపు గుండు బిగించాడు. ఇంట్లోనే గురి పెట్టి కాల్చుకునే వినోదం అది. అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ ఆ టోపీని పొడిగించి, లోపల తుపాకిమందు కూరి .22 తూటా చేసింది. దానికోసం 1857లో ఏడు తూటాలు పట్టే బుల్లి రివాల్వరునూ తెచ్చింది. రిమ్‌ఫైర్ జేబు రివాల్వర్ల వంశానికి మూలపురుషుడు అదే.

ఈ తూటాకి పేలుడు మందు అడుగున మధ్యలో కాదు, చుట్టూ ఉన్న అంచు మడతలో ఉంటుంది. సుత్తి ఆ అంచును నొక్కితే పేలుతుంది. మడతలో మందు ఎక్కడైనా పలచబడితే తూటా మొరాయిస్తుంది. ఒకసారి నొక్కుకుపోయిన అంచు మళ్ళీ పనికిరాదు, ఖాళీ డొల్లను తిరిగి నింపుకోవడమూ కుదరదు. అయినా చవక, చప్పుడు తక్కువ, చేతికి అదురూ తక్కువ. ఆ తూటాతోనే అమెరికాలో నార్త్ అమెరికన్ ఆర్మ్స్ వాళ్ళ అయిదు తూటాల బొమ్మలాంటి రివాల్వర్లు వచ్చాయి. వాటిలో కొన్ని నూట ముప్ఫై గ్రాములకు అటూ ఇటూ తూగుతాయి. ట్రిగ్గరు చుట్టూ కమ్మీ ఉండదు. మళ్ళీ నింపాలంటే ఇరుసు లాగి, తూటాల చక్రాన్ని బయటికి తీసి, ఆ ఇరుసుతోనే ఖాళీలను ఒక్కొక్కటే పొడిచి తోసెయ్యాలి. ఆపదలో ఆదుకునే ఆయుధమని కొనేవాళ్ళు ఈ తతంగం ఒకసారి ఇంట్లో చేసి చూసుకుంటే మంచిది.

మన తెనాలి, రేపల్లె, బాపట్ల జేబుల్లోకి మాత్రం జేబు రివాల్వరు రాలేదు. అడ్డుపడింది 1878 ఆయుధాల చట్టం. వైస్రాయి లిట్టన్ దొర అదే ఏడాది దేశభాషా పత్రికల నోరూ కట్టాడు. రిప్పన్ వచ్చాక పత్రికల చట్టం పోయింది గానీ తుపాకుల చట్టం చాలాకాలం నిలిచింది. మొదట్లో తెల్లవాళ్ళకు మినహాయింపు, మనవాళ్ళకు లైసెన్సు. క్విట్ ఇండియా పోరులో, 1942 ఆగస్టు 12న తెనాలి రైల్వే స్టేషను తగలబడినప్పుడు పేలినవి పోలీసు తుపాకులే. కూలిన ఏడుగురి గుర్తుగా రణరంగ చౌక్ నిలిచింది. ఇక్కడ తుపాకీ అంటే చాలాకాలం అవతలివాడి చేతిలో ఉండేదే.

మనవాడి చేతికి అది కాగితంమీదా తెరమీదా వచ్చింది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని చదువుకున్న తరానికి రివాల్వరు ఎలా ఉంటుందో చూడకుండానే తెలుసు. ఇక తెనాలి పక్క బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ 1966లో ‘గూఢచారి 116’ అయ్యాడు, 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కౌబాయ్ టోపీ పెట్టాడు. మన కౌబాయ్‌ల రివాల్వర్లలో తూటాలు అయిపోవడం నేనెప్పుడూ లెక్కపెట్టి చూడలేదు. చూస్తే ఆ సరదా పోతుంది.

అంటే జేబు రివాల్వరులో ‘జేబు’ నవలకీ సినిమాకీ పోయింది. ‘రిమ్‌ఫైర్’ మాత్రం ఇంకో దారిలో మన చేతికొచ్చింది. 1948లో మొదలైన ఎన్‌సీసీ క్యాంపుల్లో ఎక్కువగా కాల్చింది .22 రైఫిలే. నేల మీద బోర్లా పడుకుని, మోచేతుల కింద గరుకు ఇసుక, భుజానికి ఆనిన కర్ర మడమ. అయిదు తూటాలు కాల్చాక అయిదు ‘ఖోఖా’లూ, అంటే ఖాళీ డొల్లలూ, లెక్క అప్పజెప్పాలి. ఒకటి తగ్గితే క్యాంపంతా గడ్డిలో వెతుకుతుంది. నా గుప్పెట్లో ఆ వెచ్చటి ఇత్తడి డొల్ల అడుగున, అంచు మీద గోటితో గిచ్చినట్టు చిన్న నొక్కు కనబడింది. ఫ్లోబేర్ పేరు అప్పటికి వినలేదు.

1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు, 1962 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. లైసెన్సు పద్ధతి మాత్రం అలాగే సాగింది. 1980ల నాటికి విదేశీ తుపాకుల దిగుమతికి దారి దాదాపు మూసుకుపోయి, ఆ తర్వాత కాన్పూరు సర్కారు ఫ్యాక్టరీ .32 రివాల్వరే చాలామందికి దిక్కయింది. 2014 జనవరిలో కాన్పూరు నుంచే ఆడవాళ్ళ రక్షణ కోసమంటూ అరకిలో బరువుతో ‘నిర్భీక్’ వచ్చింది. అప్పటి ధర లక్షా ఇరవై వేల పైమాటే. ఆ డబ్బుతో ఆడపిల్లకి స్కూటీ కొనిచ్చి ఇంకా మిగుల్చుకోవచ్చని అప్పట్లో అనుకున్నాను, ఇప్పటికీ అదే అభిప్రాయం. తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి ‘నిడర్’ వచ్చింది. .22 తూటా, బరువు పావుకిలో. విడిపోయిన జేబూ రిమ్‌ఫైరూ మన దేశంలో అప్పటికి ఒకచోట చేరాయి.

వస్తువు చిన్నదైనా కాగితాలు చిన్నవి కావు. 2016 నిబంధనలతో వాడకంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రమూ కావాలి. 2019 సవరణతో ఒక్కొక్కరికి తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాల్చినా జైలుకు పంపే వీలు వచ్చింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక లైసెన్సు కోసం తెనాలివాళ్ళ దారి గుంటూరుకే, రేపల్లెవాళ్ళ దారి మాత్రం బాపట్ల కలెక్టరేటుకి మళ్ళింది. ఎన్నికల కోడ్ పడితే పోలీస్ స్టేషను నుంచి కబురొస్తుంది. పొలం కాపలా రైతు పొడుగు తుపాకీ అయినా, పావుకిలో నిడర్ అయినా, అప్పగించి రసీదు జేబులో పెట్టుకుని ఇంటికి రావడమే.