చెవికి పట్టాలె, చెవిని మూయొద్దు

పోయిన ఎపిసోడ్ విని ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, సైకిల్ తొక్కుతుంటే ఇయర్‌ఫోన్ జారిపోతంది, ఏది కొనాలె?" జవాబు కోసం కొంచెం వెనక్కి పోదాం.

1910లో అమెరికాలోని యూటాలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన వంటింట్లో హెడ్‌ఫోన్లు చేసి నౌకాదళానికి పంపాడు. 1958లో జాన్ కాస్ స్టీరియోవి తెచ్చాడు. రెండూ కూర్చుని వినేవాళ్ల కోసమే.

1979లో సోనీ వాక్‌మన్ వచ్చింది. దాని హెడ్‌ఫోన్ బరువు దాదాపు 50 గ్రాములే. సన్నటి పట్టీ, స్పాంజి. నడిచినా నిలిచింది. వాక్‌మన్ మీద నారింజ రంగు బటన్ ఒకటి ఉండేది. నొక్కితే పాట తగ్గి, పక్కవాళ్ల మాట మైకులోంచి చెవిన పడేది. పక్కన మనిషి ఉంటాడన్నది వాళ్లు మరువలేదు.

నేను మరిచిన. దోహాలో క్యాంపు నుంచి సైటుకు పోతూ, చెవిని బిగించే రబ్బరు మూతలవి పెట్టుకున్న. జారలేదు, నిజమే. వెనక ట్యాంకర్ హారన్ కూడా వినపడలే. దాని అద్దం మోచేతికి రాసుకుంటూ పోయింది. రివర్స్ అలారం విననోళ్లను రోజూ తిట్టే సూపర్‌వైజర్ని నేనే!

ఇప్పుడు బోన్ కండక్షన్ రకం వాడుతున్న. పట్టీ తల వెనక నుంచి వచ్చి చెవుల మీద కొక్కెంలా కూర్చుంటుంది. శబ్దం ఎముక గుండా పోతుంది, చెవి తెరిచే ఉంటుంది. కొనేముందు హెల్మెట్ పెట్టుకొని తల ఊపి చూడు. చెమటకు ఆగేదేనా అడుగు.

పైసలు లేకుంటే సైకిల్ దిగినంకనే విను తమ్మీ. ఎపిసోడ్ ఎక్కడికీ పోదు.