విషవాయువును పసిగట్టిన విధము

రంగు గాని వాసన గాని లేని కార్బన్ మోనాక్సైడునకు బొగ్గుగనులలో బలియైన కార్మికుల దేహములను స్వయముగ పరీక్షించిన జాన్ స్కాట్ హాల్డేను, మనుష్యునికంటె ముందుగ సొమ్మసిల్లు చిన్నప్రాణిని వెంటగొనిపొమ్మని 19వ శతాబ్ది చివర బోధించినది మొదలు, 1986 వరకును బ్రిటిషు గనులలో కేనరీ పిట్టలు మానవప్రాణములకు కాపుగ నుండెను. ఆ మూగజీవుల ఋణము సామాన్యమైనది కాదు.

గనులలో పిట్టలింకను కాపుండగనే, 1962లో జపానునందు, క్యూషూ విశ్వవిద్యాలయమున సెయియామా జింకు ఆక్సైడు పొరతోను, వంటగ్యాసు ప్రేలుళ్లను నివారింపగోరిన తగుచి తగరపు ఆక్సైడుతోను, వాయువు సోకినంతనే విద్యున్నిరోధము మారు సాధనములను వేర్వేరుగ రూపొందించిరి. వేడెక్కిన తగరపు ఆక్సైడు రేణువుల నంటుకొన్న ప్రాణవాయువు వాని ఎలక్ట్రానులను హరించి నిరోధమును పెంచును; మండుస్వభావము గల వాయువు వచ్చి యా ప్రాణవాయువును వ్యయపరచగా, ఎలక్ట్రానులు మరల విడుదలై నిరోధము తగ్గును. ఈ వ్యాపారమంతయు రేణువు పైపొరలో కొన్ని నానోమీటర్ల లోతుననే జరుగును. కావుననే, రేణువ్యాసము సుమారు 6 నానోమీటర్లకు దిగినప్పుడు, మార్పు సోకని లోభాగమన్నదే మిగులక, గ్రహణశక్తి ఒక్కమారుగ విజృంభించునని 1991లో పరిశోధకుడు యమజోయె ప్రకటించెను. ఈ శాస్త్రమునకు నిజమైన మలుపు ఇదియేయని నా తలంపు.

2000లో స్టాన్‌ఫోర్డు పరిశోధకులు ఒకే యొక కార్బన్ నానోనాళికతో, వేడిచేయ నక్కరలేకయే, నైట్రజన్ డయాక్సైడును అమ్మోనియాను గుర్తించిరి. 2007లో మాంచెస్టరువారు గ్రాఫీను రేకుపై వాలిన ఒక్కొక్క వాయుకణమును సైతము పసిగట్టగలిగిరి.