కల్తీ కల్లు.. ఆయువుకు చిల్లు

తాగినా ముప్పే.. ఉన్నట్టుండి మానేసినా ముప్పే

పగలంతా కాయకష్టం చేసి సాయంత్రం సీసా కల్లుతో సేదదీరడం తెలంగాణ పల్లెల్లో తరతరాల అలవాటు. ఆ సీసాలోకి చెట్టు కల్లుకు బదులు మత్తుమందు చేరడంతో అలవాటు కాస్తా ప్రాణాంతక వ్యసనమైంది. 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మృత్యువాత పడ్డారు. పదుల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. కల్లు నమూనాల్లో ఆల్ప్రాజోలం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. అదే ఏడాది ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలోనూ కల్లు తాగినవారు అనేక మంది అస్వస్థతకు గురయ్యారు.

ఎందుకీ కల్తీ?

తాటి, ఈత చెట్ల నుంచి దించిన కల్లు గంటల వ్యవధిలోనే పులిసిపోతుంది. దిగుబడి అన్ని కాలాల్లో ఒకేలా ఉండదు. చెట్లు తరుగుతున్నా గిరాకీ తగ్గలేదు. ఈ లోటును కొందరు వ్యాపారులు సొమ్ము చేసుకుంటున్నారు. నీళ్లలో తీపి పదార్థాలు కలిపి, మత్తు కోసం క్లోరల్‌ హైడ్రేట్‌, డైజోఫాం, ఆల్ప్రాజోలం వాడుతున్నారు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుల ఉపాధికీ ఇది గొడ్డలిపెట్టే.

ప్రాణం ఎలా పోతుంది?

ఆందోళన తగ్గించేందుకు వైద్యులు ఇచ్చే ఆల్ప్రాజోలం మాత్ర సాధారణంగా పావు లేదా అర మిల్లీగ్రాము మాత్రమే. పొడిని తొట్టిలో గుప్పెళ్లతో కలిపితే ఏ సీసాలోకి ఎంత చేరిందో కలిపినవారికే తెలియదు. ఈ మందులు మెదడు పనితీరును మందగింపజేస్తాయి. మద్యం తోడైతే ప్రభావం మరింత తీవ్రమవుతుంది. మనిషి స్పృహ తప్పుతాడు, శ్వాస నెమ్మదిస్తుంది. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణాపాయమే. పల్లెల్లో ఇలాంటి ఆకస్మిక మరణాలకు శవపరీక్ష జరగకుంటే అసలు కారణం లెక్కలకు ఎక్కదు.

మానేసినప్పుడు..

2015లో అధికారులు దాడులు ముమ్మరం చేయడంతో మత్తు కల్లు ఒక్కసారిగా నిలిచిపోయింది. నిజామాబాద్‌, మహబూబ్‌నగర్‌ తదితర జిల్లాల్లో బాధితులు వింత ప్రవర్తనతో ఆస్పత్రులకు బారులు తీరారు. చేతుల వణుకు, నిద్రలేమి, భ్రాంతులు, ఫిట్స్‌ దీని లక్షణాలు. సకాలంలో చికిత్స అందకుంటే మరణమూ సంభవించవచ్చు. అందుకే వైద్యులు నియమిత మోతాదులో మందు ఇస్తూ క్రమేణా తగ్గిస్తారు. కల్తీని అరికట్టే దాడులకు ముందే ఆస్పత్రుల్లో మందులు, పడకలు సిద్ధం చేయడం అవసరం.

చట్టం ఏమంటోంది?

ఆల్ప్రాజోలం, డైజోఫాం మాదకద్రవ్యాల నిరోధక (ఎన్‌డీపీఎస్‌) చట్టం-1985 పరిధిలోకి వస్తాయి. అక్రమంగా కలిగి ఉన్న ఆల్ప్రాజోలం 100 గ్రాములు మించితే 10 నుంచి 20 ఏళ్ల కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి.

ఇవి పాటించండి

* స్పృహ తప్పిన వ్యక్తిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కు ఫోన్‌ చేయాలి.
* నోట్లో నీళ్లు పోయరాదు. బలవంతంగా వాంతి చేయించరాదు.
* తాగిన కల్లు మిగిలి ఉంటే పారబోయకుండా వైద్యులకు చూపాలి.
* రోజూ తాగే అలవాటున్నవారు సొంతంగా మానేయకుండా ప్రభుత్వాస్పత్రిలో మానసిక వైద్యులను సంప్రదించాలి.
* వ్యసన విముక్తికి 14446, మానసిక సమస్యలకు టెలి మానస్‌ 14416 నంబర్లలో ఉచితంగా సలహా పొందవచ్చు.