పావు చుట్టు మర: ఆదోని సీమలో కార్బరేటర్ ట్యూనింగ్

ఆదోనికి యంత్రం పత్తి వెంట వచ్చింది. మద్రాసు వైపు నుంచి, బొంబాయి వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన రైలు మార్గాలు 1871లో రాయచూరు దగ్గర కలవడంతో ఆదోని ఆ ప్రధాన మార్గం మీద స్టేషన్ అయింది. చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పండి, వర్తకుల వాడుకలో ‘వెస్టర్న్స్’ అనే పేరుతో చలామణీ అయిన పత్తిని ఇక్కడే గింజ వేరుచేసి బేళ్లుగా కట్టి పంపడానికి జిన్నింగ్ మిల్లులూ ప్రెస్సులూ వెలిశాయి. మిల్లు ఉన్నచోట బాయిలరూ తర్వాత ఆయిలింజనూ వచ్చాయి, వాటిని నిలబెట్టడానికి కొలిమీ లేత్ షాపూ తెలిసిన పనివాళ్లూ తప్పనిసరి అయ్యారు. దాదాపు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప పూనికతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం దానికి దూరప్రాంతాల్లో కూడా పేరు తెచ్చింది. ఒక ఊరి పత్తికీ మరో ఊరి బట్టకీ మధ్య నడిచిన వ్యాపారానికి ఎడ్లబండి తర్వాత బస్సు, బస్సు తర్వాత మోటారు సైకిలు తోడయ్యాయి. ఆ మోటారు సైకిలు గాలినీ పెట్రోలునీ ఏ పాళ్లలో కలుపుకొని తాగాలో నిర్ణయించే చిన్న లోహపు డబ్బా చుట్టూ పెరిగిన పనితనమే ఇక్కడి ప్రస్తావన. ఒక రకంగా అది పెట్రోలు ధర చరిత్ర కూడా, ఎందుకంటే ప్రభుత్వాలూ యుద్ధాలూ చమురు దేశాలూ చేసిన ప్రతి మార్పూ చివరికి ఆ డబ్బా పక్కనున్న ఇత్తడి మరను పావు చుట్టు అటో ఇటో తిప్పించింది.

కార్బరేటర్ సూత్రం సులువైనదే. ఇంజను లోపలికి పీల్చుకునే గాలి ఒక ఇరుకు గొంతు గుండా పోయేటప్పుడు వేగం పుంజుకుంటుంది, వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గిన ఒత్తిడి పక్కనున్న గిన్నెలోంచి పెట్రోలును సన్నని రంధ్రం ద్వారా పైకి లాగి తుంపరగా చేస్తుంది. ఆ గిన్నెలో పెట్రోలు మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేలా చూసే తేలుడు బుడ్డిని ఫ్లోట్ అనీ, సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్కను జెట్ అనీ అంటారు. పెట్రోలు పూర్తిగా కాలిపోవడానికి ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. పెట్రోలు అంతకంటే ఎక్కువైతే మిశ్రమం ‘రిచ్’, తక్కువైతే ‘లీన్’. ఇంగువ పాలు మీద వంట రుచి ఆధారపడినట్టు ఇంజను నడత ఈ పాలు మీద ఆధారపడుతుంది. యూరప్‌లో మేబాఖ్ జర్మనీలోనూ, బాంకి, చోంకా హంగరీలోనూ 1893 ప్రాంతంలో ఈ తుంపర పద్ధతిని వేర్వేరుగా సాధించారు. బ్రిటన్‌లో మోటారు సైకిళ్ల కార్బరేటర్లు చేసే మూడు కంపెనీలు 1927లో ఒకటై అమల్ అనే పేరు పెట్టుకున్నాయి, ఆ పేరే తర్వాత మన దేశంలోని బుల్లెట్ మోటారు సైకిళ్ల మీద కనిపించింది.

గాలి పాలు ఎంత ముఖ్యమో ఈ ప్రాంత ప్రజలు పెట్రోలు పుష్కలంగా ఉన్న రోజుల్లో కంటే కరువైన రోజుల్లోనే ఎక్కువగా చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, పెట్రోలుకు రేషను విధించడంతో మద్రాసు ప్రెసిడెన్సీలోని బస్సులు బొగ్గు గ్యాసుకు మారాయి. బస్సుకు బిగించిన పొడవాటి పీపాలో బొగ్గును చాలీచాలని గాలితో కాలిస్తే కార్బన్ మోనాక్సైడు ఎక్కువగా ఉండే వాయువు వెలువడుతుంది. దాన్ని చల్లార్చి, వడగట్టి, గాలితో కలిపి ఇంజనుకు పంపేవారు. ఇక్కడ పాళ్లను చూసుకోవలసింది డ్రైవరే. మిట్ట ఎక్కేటప్పుడు ఒకలా, పల్లంలో ఒకలా గాలి ద్వారాన్ని తెరిచి మూస్తూ ఇంజను చప్పుడును బట్టి సరిచేసుకోవాలి. ఎంత సరిచేసినా బలం చాలక ప్రయాణికులు దిగి తోయడం ఆ తరం వారు తరచూ చెప్పుకొనే జ్ఞాపకం. ఇంధనాన్ని చెవితో కొలవడం మన మెకానిక్కులకు బుల్లెట్ నేర్పిన విద్య అనుకోవడం పొరపాటు. అంతకు ముందే బొగ్గు బస్సు నేర్పింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, అంతవరకు బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి, బళ్లారి మైసూరు వైపు పోయింది. పాలన మారినంత మాత్రాన రాకపోకలు మారవు. తెలుగూ కన్నడమూ ఉర్దూ ఒకే వీధిలో వినబడే ఆదోనికి బళ్లారి, సిరుగుప్ప, రాయచూరు అంగళ్లు దగ్గరివి. అందువల్ల మోటారు సైకిళ్లు ఇటు మద్రాసు నుంచి, అటు మైసూరు నుంచి రెండు దారుల్లోనూ వచ్చాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో, ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు కంపెనీ భాగస్వామ్యంతో 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సైన్యం అవసరాల కోసం మొదలుపెట్టిన 350 సి.సి. బుల్లెట్ ఒక దారిది. చెక్ దేశపు జావా నమూనాతో మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుంచి విడుదల చేసిన 250 సి.సి. బండి మరో దారిది. బుల్లెట్‌కు అమల్ కార్బరేటర్, జావాకు జికోవ్ కార్బరేటర్. అమల్ బయటికి కనిపించేలా ఉంటుంది. జావాలో దాన్ని రేకు తొడుగు కింద దాచారు, కాబట్టి ఏ పని చేయాలన్నా ముందు ఆ తొడుగు ఊడదీయాలి. బుల్లెట్ నాలుగు స్ట్రోకుల ఇంజను, జావా రెండు స్ట్రోకులది. ఈ తేడా తర్వాతి కాలంలో డబ్బుతో ముడిపడింది.

ట్యూనింగ్ అనే పని జరిగే తీరును కొంచెం దగ్గరగా చూడాలి. అమల్ మోనోబ్లాక్ అంటే ఫ్లోట్ గిన్నె, గొంతు ఒకే పోతలో ఉన్న కార్బరేటర్. దాని పక్కన ఒక చిన్న మీట ఉంటుంది, చల్లగా ఉన్న బండిని లేపే ముందు దాన్ని నొక్కితే ఫ్లోట్ కిందికి దిగి పెట్రోలు పొంగి వేళ్ల మీద పడుతుంది. ఇంజను నాలుగైదు కిలోమీటర్లు తిరిగి వేడెక్కాక అసలు పని మొదలవుతుంది. ఎయిర్ స్క్రూ అనే చిన్న మరను మెత్తగా లోపలికంటా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి విప్పుతారు. గట్టిగా బిగిస్తే దాని సూదిమొన అరిగి గాడి పడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ఇంజను మాట వినదు. ఈ మర లోపలికి పోతే గాలి తగ్గి మిశ్రమం రిచ్ అవుతుంది, బయటికి వస్తే లీన్ అవుతుంది. పావు చుట్టు తిప్పి రెండు మూడు క్షణాలు ఆగి వినాలి. రిచ్ అయితే చప్పుడు బరువుగా, అడుగులు తడబడినట్టు వస్తుంది, సైలెన్సరు నల్లని పొగ విడుస్తుంది. లీన్ అయితే సైలెన్సరులో టపటపమని పేలుళ్లు వస్తాయి, కార్బరేటర్ నోటి నుంచి ఇంజను తుమ్మినట్టు వెనక్కి కొడుతుంది. ఈ రెంటికీ నడుమ చప్పుడు అత్యంత చురుగ్గా ఉన్న చోట మరను వదిలి, ఇంకో మరతో వేగం తగ్గిస్తే బుల్లెట్ ప్రతి కొట్టునూ విడివిడిగా లెక్కపెట్టగలిగేంత నింపాదిగా నిలబడుతుంది.

అయితే ఎయిర్ స్క్రూ పెత్తనం యాక్సిలరేటరు మొదటి ఎనిమిదో వంతు దాకానే. ఆ తర్వాత కొంత మేరకు పైకి లేచే గొట్టం వంటి స్లైడు అంచులోని కోత, పావు నుంచి ముప్పావు దాకా ఆ స్లైడుకు వేలాడే సూది, ఆపైన మెయిన్ జెట్ పాళ్లను నిర్ణయిస్తాయి. సూదికి పై భాగాన గాట్లుంటాయి. క్లిప్పును ఒక గాటు కిందికి మారిస్తే సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. మెయిన్ జెట్ సరిపోయిందా లేదా అన్నది చెవికి తెలియదు, దానికి దూరం కావాలి. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య దారి వంటి సాపు రోడ్డు మీద పూర్తి వేగంతో కొంత దూరం నడిపి, ఉన్నట్టుండి క్లచ్ పట్టి ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి చూస్తే దాని పింగాణి రంగు జవాబు చెబుతుంది: మసి పడితే రిచ్, సున్నంలా తెల్లబారితే లీన్, కాలిన ఇటుక రంగైతే సరి.

పాత బండి దగ్గర ఈ లెక్కలన్నీ ఒక్కోసారి తప్పుతాయి, ఎందుకంటే అమల్ గొంతూ స్లైడూ రెండూ ఒకే రకం జింకు మిశ్రమంతో పోసినవి, ఒకదాన్నొకటి తినేస్తాయి. అరిగిన సందులోంచి అదనపు గాలి దూరితే ఏ మరా పనిచేయదు. కార్బరేటర్‌ను ఇంజనుకు బిగించే చెవులను అతిగా బిగించినా ఆ ముఖం విల్లులా వంగి సందు పడుతుంది; అద్దం పలక మీద ఉప్పుకాగితం పరిచి ఆ ముఖాన్ని సాపు అయ్యేదాకా రుద్దడం దానికి మందు. స్లైడుకైతే గొంతు తొలిచి ఇత్తడి తొడుగు వేయించాలి, అది లేత్ పని. జిన్నింగ్ మిల్లులు ఉన్న ఊళ్లలో లేత్ మీద మంచి చెయ్యి దొరకడం కష్టం కాదు, అందుకే ఆదోని వంటి చోట పాత బండ్లు బతికే అవకాశం ఎక్కువ. దిగుమతుల మీద ఆంక్షలున్న దశాబ్దాల్లో కొత్త జెట్ దొరక్కపోతే పాతదాని రంధ్రాన్ని టంకంతో పూడ్చి, సన్నని తీగ మొనతో మళ్లీ తెరిచే పద్ధతీ నడిచింది. ఈ చేతి కొలత ఎంత నేర్పైనదైనా, ఒక వెంట్రుక మందం తేడాతో పిస్టన్‌ను బలి తీసుకున్న సందర్భాలు దాని ఖాతాలోనే పడాలి. మరో శత్రువు పత్తి దూది. సీజనులో మిల్లుల చుట్టూ గాలిలో తేలే సన్నని పీచు ఎయిర్ ఫిల్టరుకు అట్టలా పడితే గాలి తగ్గి బండి రిచ్ అవుతుంది. ఫిల్టరు దులపకుండా ఎయిర్ స్క్రూ తిప్పేవాడు జ్వరం చూడకుండా మందిచ్చినవాడే.

1973 చివరి నెలల చమురు సంక్షోభం ఈ విద్యకు వేరే అర్థం తెచ్చింది. పీపా ముడిచమురు ధర సుమారు మూడు డాలర్ల నుంచి 1974 ఆరంభానికి పన్నెండు దగ్గరికి పోవడంతో, ‘బండి బాగా లాగుతోందా’ అన్న ప్రశ్న స్థానంలో ‘లీటరుకెంత ఇస్తోంది’ అన్నది కూర్చుంది. మైలేజీ కోసం జెట్ చిన్నది చేయడం, సూది దించడం, ఎయిర్ స్క్రూ విప్పడం ట్యూనింగ్‌కు పర్యాయపదాలయ్యాయి. బుల్లెట్ వంటి నాలుగు స్ట్రోకుల ఇంజను దీన్ని కొంత భరిస్తుంది, వేడెక్కి వాల్వు కాలినా వెంటనే నిలిచిపోదు. జావా, 1970లలో దాని వారసురాలిగా వచ్చిన యెజ్దీ, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వంటి రెండు స్ట్రోకుల బండ్లలో ఆయిలు పెట్రోలులోనే కలిసి ఉంటుంది కనుక పెట్రోలు తగ్గించడమంటే నూనె తగ్గించడమే. ఎండాకాలంలో, బరువుతో, ఎదురుగాలిలో పిస్టన్ సిలిండరుకు అతుక్కుపోయే ‘సీజు’ ఈ పొదుపుకు కట్టే వడ్డీ. పెట్రోలులో కిరోసిను కలిపే కల్తీ దీన్ని మరింత జటిలం చేసింది: కిరోసిను కలిసిన పెట్రోలు సరిగా ఆవిరి కాక ప్లగ్గును మసి పట్టిస్తుంది, లోడు మీద ఇంజనును కొట్టుకునేలా చేస్తుంది, అందువల్ల మెకానిక్కు రిచ్ అని పొరబడి ఇంకా లీన్ చేస్తాడు.

ఒకటి కాక రెండు కార్బరేటర్లున్న బండి మన రోడ్ల మీద అరుదు. 1983లో ఎస్కార్ట్స్ విడుదల చేసిన రాజ్‌దూత్ 350కి రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో మికుని కార్బరేటర్. ఒక్కోదాన్ని విడిగా ఎంత బాగా సరిచేసినా, హ్యాండిలు తిప్పినప్పుడు రెండు స్లైడులూ ఒకే క్షణంలో, ఒకే ఎత్తున లేవకపోతే ఒక సిలిండరు రెండోదాన్ని ఈడ్చుకుపోతుంది. రెండు కార్బరేటర్ల నోళ్లలో రెండు వేళ్లు పెట్టి స్లైడుల కదలికను తాకి చూసి కేబులు నట్టును సరిచేయడం దీనికి వాడే నాటు పద్ధతి, అది తప్పుపట్టవలసింది కాదు. రెండేళ్లకే, 1985లో, నాలుగు స్ట్రోకుల 100 సి.సి. హీరో హోండా వచ్చి లీటరు లెక్కను తారుమారు చేసింది.

ఆ తర్వాత మికుని సాంకేతికతతో మద్రాసు ప్రాంతంలో తయారైన మిక్‌కార్బ్ కార్బరేటర్ బుల్లెట్ మీదికి వచ్చి అమల్‌ను తప్పించింది. మికుని కంపెనీ 1960లో అమల్ వారితో ఒప్పందం చేసుకుని ఆ పని నేర్చినదే కనుక ఇది ఒక రకంగా మనవడు తాత స్థానంలో కూర్చోవడం. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం ప్లగ్గు మీద వదిలే గోధుమ రంగు పూత లేకపోవడంతో రంగు చదివే విద్య మసకబారింది. పాత లెక్కలో లీన్ అనిపించే లేత రంగు కొత్త పెట్రోలులో మామూలే.

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనలతో కొత్త మోటారు సైకిళ్ల నుంచి కార్బరేటర్ దాదాపు నిష్క్రమించింది; సెన్సర్లు గాలిని కొలిచి, ఎలక్ట్రానిక్ పెట్టె పెట్రోలును చిమ్మిస్తుంది. పాత బండ్లకు మాత్రం అదే కాలంలో కొత్త చిక్కు ఎదురైంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ పాలు 2022లో దేశ సగటున పది శాతానికి చేరి, ఆ తర్వాత ఇరవై శాతం దాకా పోయింది. ఇథనాల్‌లోనే కొంత ఆక్సిజన్ ఉంటుంది, దానికి తొమ్మిది పాళ్ల గాలి చాలు; ఇరవై శాతం కలిసిన పెట్రోలుకు కావలసిన గాలి సుమారు 13.5 పాళ్లే. అంటే ఒకప్పుడు సరిగ్గా ఉన్న జెట్ ఇప్పుడు తనంతట తానే లీన్ అయిపోయింది. సూదిని ఒక గాటు లేపడం, మెయిన్ జెట్ ఒక నంబరు పెంచడం, ఎయిర్ స్క్రూను ఆ పావు చుట్టు లోపలికి తిప్పడం ఇప్పుడు అవసరమయ్యాయి. మైలేజీ కోసం యాభై ఏళ్లుగా ఏ దిక్కున తిప్పారో దానికి ఎదురు దిక్కు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది, కదలకుండా నిలిపిన బండి ఫ్లోట్ గిన్నెలో పచ్చని జిగట మిగులుస్తుంది. 2021 జులైలో కేంద్రం యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలను ‘వింటేజ్’గా నమోదు చేసే నియమాలు తెచ్చి, వాటిని రోజువారీ వాడకానికి కాక ప్రదర్శనలకూ ర్యాలీలకూ పరిమితం చేసింది. అలా నమోదైన బుల్లెట్టో జావానో ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే నిలబడి ఉంటుంది కనుక, ప్రతిసారీ నిలిపే ముందు పెట్రోలు కుళాయి మూసి, గిన్నె ఎండేదాకా ఇంజనును తిరగనిచ్చి ఆర్పడం ఇప్పుడు ట్యూనింగ్‌లో మొదటి మెట్టు.