మెరక ఎంత?

ఏలూరులో ఆదివారం పొద్దున్న. తమ్మిలేరు గట్టు దిగి, బ్రోకరు బండి వెనకాలే కొత్త వీధిలోకి తిరిగారు మీరు. తూర్పు ముఖం ఇల్లు. గేటు తీయకముందే ఆయన అందుకున్నాడు. "ఈశాన్యం పెరిగిందండి. వీధిపోటు లేదు. స్టేషను పక్కనే అన్నట్టు." మీ ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. మీవాడు ఫోనులో బ్యాంకు వాయిదా లెక్క కడుతున్నాడు.

అత్తయ్యగారు మాత్రం వీధిలోనే ఆగిపోయారు. పక్కింటి పాత గోడమీద మోకాలెత్తున మట్టిచార ఉంది.

"నీళ్లు ఎందాకా వచ్చాయమ్మా?"

పక్కింటావిడ మాట్లాడకుండా ఆ చారమీద చెయ్యి పెట్టింది.

తమ్మిలేరు ఈ ఊరి దగ్గర రెండు పాయలై కొల్లేటికి పోతుంది. బుడమేరు నీళ్లూ అక్కడికే. అంత సరస్సుకీ సముద్రానికి దారి ఉప్పుటేరొక్కటే. అది లాగకపోతే నీళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. ఇక్కడ ఇల్లు కొనేవాళ్లు వాస్తుకంటే ముందు పల్లమెటో, మెరకెటో చూడాలంటాను.

"రోడ్డుకి మూడడుగులు మెరక చేశామండి మామ్మగారూ" అన్నాడు బ్రోకరు.

"ఏ మట్టి పోశారు బాబూ? ఎన్ని వానాకాలాలు కూర్చుంది?"

ఆయన నేల చూశాడు. కొత్తమట్టి కుంగితే పైనున్న గోడ పగులుతుంది. అరుగు మూలన సన్నటి బీట అప్పటికే మీ కంటపడింది.

లోపల మీ ఆవిడ కుళాయి తిప్పింది. నీళ్లు దోసిట్లో పట్టి వాసన చూసింది. 2020 డిసెంబరులో ఇదే ఊళ్లో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రికి పరిగెత్తారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఆ రోజులు చూసినవాళ్లెవరూ కుళాయిని ఊరికే నమ్మరు. "తాగడానికి టిన్ను తెప్పించుకుంటామండి" అంది గుమ్మందాకా వచ్చిన పక్కింటావిడ.

మీవాడి మనసు తాడేపల్లిగూడెం మీదుంది. 2015లో నిట్ వచ్చిందిగా, అద్దెలొస్తాయంటాడు. అద్దెకిచ్చే ఇంటికి ఆ లెక్క సరే. ఇది మీరు కాపురముండే ఇల్లు.

"అడ్వాన్సు ఈరోజే అయితే రేటు తగ్గిస్తారండి. ఇంకొకళ్లు కూడా చూసి వెళ్లారు."

మీ చెయ్యి జేబుదాకా వెళ్లింది. అత్తయ్యగారు గట్టిగానే అన్నారు. "ముందు లింకు డాక్యుమెంట్లు, ఈసీ పంపించు బాబూ. ముసురు పట్టాక మళ్లీ వచ్చి చూస్తాం. అప్పటికి అమ్ముడైపోతే పోనీ."

బ్రోకరు బండి తీశాడు. మీరు పక్క వీధిలో ఇంకో ఇంటి గోడలు చూడ్డానికి బయల్దేరారు.