కిలికికి 40 సూత్రాలు, మన ఇంటి తెలుగుకు ఎన్ని?

మా సోగత్తూరు ధర్మపురి పక్కన ఉండే ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను బి.కాం. చదివి, బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను. కానీ లెక్క తేలకపోతే నిద్ర పట్టని అలవాటు ఒకటి ఉద్యోగం నుంచి మిగిలింది. ఈ రాత అట్లా తేలని ఒక లెక్క గురించే.

పోయిన వేసవి సెలవులకు మనవడు వచ్చినాడు. టీవీలో బాహుబలి వేసినారు. యుద్ధం దగ్గరకు వచ్చేసరికి కాలకేయుల నాయకుడితో సమానంగా వీడూ అరుస్తా ఉన్నాడు. ఆ మాటలన్నీ వీడికి నోటికి వచ్చు. "ఏందిరా ఆ పిచ్చి అరుపులు?" అన్నాను. "అరుపులు కాదు తాతా, అది నిజం భాష. దానికి గ్రామర్ కూడా ఉండాది" అన్నాడు.

ఆ సాయంత్రమే తోటలో ఉన్నప్పుడు "తాతా, ఇల్లుకి పోదామా?" అని అడిగినాడు. "ఇల్లుకి కాదురా, ఇంటికి" అన్నాను. "ఎందుకు? చెట్టు, చెట్టుకి. బస్సు, బస్సుకి. ఇల్లు, ఇల్లుకి. రూల్ అదే కదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అరవై ఏండ్లుగా 'ఇంటికి' అంటా ఉన్నాను, ఎందుకని ఒక్కసారి కూడా అనుకోలేదు.

వాడు ఆ అరుపుల భాష గురించి చెప్పింది నిజమే. ఆ భాష పేరు కిలికి. 2015లో వచ్చిన బాహుబలి మొదటి భాగం కోసం మదన్ కార్కి దాన్ని తయారుచేసినాడు. ఆయన తమిళ పాటల రచయిత, వైరముత్తు కొడుకు, ఆస్ట్రేలియాలో డాక్టరేటు చేసిన కంప్యూటర్ మనిషి. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు కూర్చినాడని అప్పుడు పత్రికలు రాసినాయి. తెలుగు, తమిళం రెండిట్లోనూ తీసిన సినిమాలో ఏ ఊరివాళ్ళకూ అర్థం కాని భాష ఒకటి కావలసి వచ్చింది. వినేవాళ్ళకు భయం పుట్టాల కాబట్టి కటువైన శబ్దాలు ఏరుకున్నాడు.

దీని మొలక ఇంకా ముందుది. ఆస్ట్రేలియాలో చదువుకునే రోజుల్లో ఆయన పిల్లలతో ఆటగా ఒక చిన్న భాష అల్లినాడు, దాని పేరు క్లిక్. అందులో 'నేను' అంటే 'మిన్', 'నువ్వు' అంటే 'నిమ్'. నేనుకు ఎదురు నువ్వు, కాబట్టి మాటను తిరగేస్తే సరి. పిల్లలకు ఒక్క నిమిషంలో పట్టుబడే సూత్రం.

కల్పిత భాషలు చాలావాటికి ఈ గుణం ఉంటుంది. 1887లో జామెన్‌హాఫ్ అనే కంటి డాక్టరు ఎస్పెరాంటో అనే భాషను ప్రకటించినాడు. దానికి 16 సూత్రాలే. నామవాచకం ఏదైనా 'ఓ'తో ముగుస్తుంది. 'బోనా' అంటే మంచి, ముందు 'మల్' తగిలిస్తే 'మల్‌బోనా', చెడ్డ. మినహాయింపు అనే మాటే లేదు. ఒకసారి సూత్రం తెలిస్తే ఎన్ని మాటలకైనా అదే లెక్క, చక్రవడ్డీ పట్టిక మాదిరి.

కిలికిలో నాలుకతో కొట్టే టక్కు శబ్దాలు కూడా ఉన్నాయి. దక్షిణ ఆఫ్రికాలో జులు, కోసా భాషల్లో ఇటువంటి శబ్దాలు మన క, చ, ట మాదిరి మామూలు హల్లులు. మనకూ ఆ శబ్దం కొత్తది కాదు. ఎవరైనా పోయినారని వింటే "ట్చ్ ట్చ్" అంటాము. ఎద్దును అదిలించేటప్పుడు నాలుకతో టక్కుమంటాము. కాకపోతే దాన్ని ఎప్పుడూ అక్షరంగా లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

మేమూ చిన్నప్పుడు ఒక భాష అల్లుకున్నాము. చదువరుల్లో చాలామందికి గుర్తుంటుంది, 'క' భాష. ప్రతి అక్షరం ముందూ ఒక 'క' చేర్చాల. "తాతకు చెప్పొద్దు" అనాలంటే "కతాకతకకు కచెకప్పొకద్దు". మామిడికాయలు దొంగిలించిన రోజుల్లో ఇదే మా రహస్య భాష. తమిళ పిల్లలకూ ఇట్లాంటి ఆటే ఉంది. మనవడికి నేర్పినాను. "ఇంటికి" అనే మాటను "కఇంకటికకి" అని చెప్పమంటే వాడు మళ్ళీ "కఇకల్లుకకి" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. 'క' భాష పైన వేసుకునే ముసుగు మాత్రమే. లోపల తెలుగు ఉంటేనే ముసుగు నిలబడుతుంది. వాడు తెలుగును ఎస్పెరాంటో మాదిరి మాట్లాడుతా ఉన్నాడు. ఒక సూత్రం పట్టుకుని అన్నిటికీ అదే వేస్తా ఉన్నాడు. తెలివి తక్కువై కాదు. ఆ మాటలు చెవిన పడక.

ఇక 'ఇంటికి' సంగతి. దానికీ సూత్రం ఉంది, పెద్దలు ఎప్పుడో రాసిపెట్టినారు. మద్రాసులో తెలుగు పండితుడుగా ఉండిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో వీటికి ఔపవిభక్తికాలని పేరు. కి, లో వంటివి చేరే ముందు కొన్ని మాటల చివర ఇ, టి, తి వస్తాయి. కాలు, కాలికి. ఇల్లు, ఇంటికి. కన్ను, కంటికి. నోరు, నోటికి. చెయ్యి, చేతికి. రాయి, రాతికి. నెయ్యి, నేతికి. పేరు వింటే భయం వేస్తుంది గానీ మా అవ్వ బడి మొగం చూడకుండానే వీటిలో ఒక్కటీ తప్పకుండా మాట్లాడింది.

మనవడికి ఇట్లా చెప్పినాను: "తమిళంలో వీడు అంటావు. వీడుకు పోదామంటావా?" "లేదు తాతా, వీట్టుకు." "ఆఱు అంటే ఏరు కదా, ఆఱుకు పోదామంటావా?" "ఆత్తుకు." "ఎవరు నేర్పినారు?" నవ్వినాడు. మన ఏరు కూడా పాత రాతలో బండి ఱతో ఏఱు. ఏఱు, ఏటికి. ఆఱు, ఆత్తుకు. రెండూ ఒకే పాత మాట, చివర మారే తీరు కూడా ఒకే కాపురంలోది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చూపించినాడు. మా తోటలో అది ఒక పిల్లవాడి నోట్లో కనిపించింది. తమిళంలో తప్పనివాడు తెలుగులో తప్పినాడు. లోపం వాడిది కాదు. వాడితో రోజూ తెలుగు మాట్లాడని మాది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాల. ఉద్యోగంలో ఉండగా ఆంధ్ర నుంచి వచ్చిన ఒక పెద్ద ఆఫీసరు ముందు నేను "ఆయన లోపల ఉండాడు సార్" అన్నాను. "ఉండాడు ఏమిటండీ, ఉన్నాడు అనాలి. మీది తెలుగేనా?" అని నలుగురిలో నవ్వినాడు. ఆనాటి నుంచి ఆఫీసులో తెలుగు నోరు మూసుకున్నాను. ఇంట్లో పిల్లలతో కూడా తమిళమే అలవాటైంది. తప్పు తెలుగు నేర్పడం కంటే మంచి తమిళం మేలనుకున్నాను. 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయ్యిందని మనం బాధపడతాము, అది న్యాయమే. కానీ మా ఇంట్లో తెలుగు ఆగింది ఏ చట్టంతోనూ కాదు, ఒక నవ్వుతో.

ఇప్పుడు నిదానంగా చూస్తే అందులో తప్పేముంది? ఉండాను, ఉండావు, ఉండాడు, ఉండాది, ఉండారు. వరస చక్కగా ఉంది. చెప్పినాను, చెప్పినావు, చెప్పినాడు. ఇదీ అంతే. తమిళం మాట తెచ్చుకున్నా "కడైలు", "కడైకి" అని మన లు, మన కి తగిలిస్తాము. సరుకు వాళ్ళది, మూట కట్టే తాడు మనది. ఇదంతా వ్యాకరణం కాకపోతే ఇంకేది వ్యాకరణం?

కార్కి 2020 ఫిబ్రవరి 21న, మాతృభాషా దినం నాడు, కిలికికి లిపితో సహా ఒక వెబ్‌సైటు పెట్టినాడు. నాకు ఆయన మీద అసూయ లేదు, మర్యాదే. ఎవరి అమ్మా మాట్లాడని భాషకు ఒక మనిషి కూర్చుని సూత్రాలు రాసినాడు. అమ్మలు మాట్లాడిన మన ధర్మపురి తెలుగుకు మనం రాయలేదు.

అందుకని ఒక పాత లెడ్జరు నోటు తీసినాను. ఎడమ పక్క మాట, కుడి పక్క 'కి' చేరితే వచ్చే రూపం. మనవడు రాస్తాడు, నేను చెబుతాను. సెలవులు అయ్యేలోపు 63 మాటలు అయినాయి. ఊరికి పోయినాక కూడా ఆదివారం ఫోన్లో రెండు మూడు అడుగుతా ఉంటాడు. పోయిన వారం "తాతా, నాగలికి అనాలా, నాగటికి అనాలా?" అన్నాడు. మా నాయన నాగటికి అనేవాడు. అదే రాయించినాను.

పెన్నాగరం, పాలక్కోడు, అరూరు పక్కల మీ ఇండ్లల్లో పెద్దవాళ్ళు ఉంటే అడిగి చూడండి. ఏరు, నోరు, గోరు, నాగలి, నెయ్యి, రాయి. ఈ ఆరింటికి 'కి' చేర్చి వాళ్ళు ఎట్లా అంటారో అట్లాగే, దిద్దకుండా, రాసి పంపండి. నోటులో ఇంకా చాలా పేజీలు ఖాళీగా ఉండాయి.